రెండు గంటలు

గంటంటే మా నాయనకు కాలం కాదు.
తాడు లాగితే డ్రైవరు నెత్తిమీద మోగేది.
ఒకటి కొడితే ఆగు.
రెండు కొడితే పో.

ముప్పై ఒక్క ఏండ్లు
తిరుపతి నుంచి చిత్తూరుకు, చిత్తూరు నుంచి తిరుపతికి
గొంతుతోనే బస్సు నడిపిన మనిషి.
చంద్రగిరి, గాదంకి, పూతలపట్టు, కాణిపాకం క్రాస్...
నిద్రలో కూడా ఊర్లు వరస తప్పేవి కావు.
ట్రిప్పుకీ ట్రిప్పుకీ నడుమ ఒక బీడీ.
టికెట్టు లేకుండా ఎక్కింది అదొక్కటే.

మూడో స్టేజీ అన్నాడు డాక్టరు.
నాయన నా తట్టు చూసి నవ్వినాడు.
"మన రూట్లో ఇరవై రెండు స్టేజీలు మే,
ఇంకా శానా దూరముండాది."

స్వరపేటిక పూర్తిగా తీసేయాలని ఉంది కాగితంలో.
చదివి వినిపిస్తే, "పేటికంటే పెట్టే కదా" అన్నాడు.
చెవిమీది పెన్ను తీసి సంతకం పెట్టినాడు
డిపోలో క్యాషు అప్పజెప్పినప్పుడు పెట్టినట్టే,
కింద గీత, గీత కింద రెండు చుక్కలు.

ఆ రాత్రి ఫోన్లో రికార్డు నొక్కి
"ఏమన్నా చెప్పు నాయనా" అన్నాను.
నాలుగు నిమిషాలు మాట్లాడినాడు.
క్యాంటీన్లో టీ పన్నెండు రూపాయలా అని,
వీధిలో బోరు మోటరు ఎవరేసినా ఆపరని,
అమ్మకు చక్కెర మాత్రలు గుర్తుచెయ్యమని.
నేను వేరేదేదో ఆశపడినాను.
ఏందో, నాకే తెలీదు.

పొద్దున, థియేటరు తలుపు కాడ,
ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి అడిగింది ఒకటే:
"మందులషాపోడు చిల్లర సరిగ్గా ఇచ్చినాడా మే?"
చూసుకోలేదు నేను.
"ఇచ్చినాడు" అన్నాను.
ఆ గొంతుకు నేనిచ్చిన చివరి జవాబు అబద్ధం.

ఆరు గంటలు పడుతుందన్నారు.
అమ్మ కిటికీలోంచి కొండకు దండం పెట్టి
తలనీలాలు మొక్కుకుంది.
నేనేమీ మొక్కుకోలేదు,
బి నెగటివ్ కోసం ఫోన్లు చేస్తా ఉన్నాను.
పుంగనూరు జరీనమ్మ, మొగుడి దవడ ఆపరేషనుకు వచ్చింది,
టిఫను మూతలో సంగటి ముద్ద పెట్టి
"తిను పాపా, ఏడ్చేదానికైనా బలముండాల" అంది.
చెయ్యి కడుక్కునేదానికి పోయినాను చూడు,
సరిగ్గా అప్పుడే పిలిచినారంట,
"మొగిలీశ్వరయ్య తాలూకా ఎవరూ?"
అమ్మకు ఆ పక్క చెవి వినపడదు.
ఎవరూ పలకలేదంట.

మెడలో రూపాయి బిళ్ళంత రంధ్రం.
ఊపిరి ముక్కునూ నోటినీ వదిలేసి
ఊర్లోకి రాకుండా బైపాసులో పోయే బస్సయింది.

తొమ్మిదో రోజు పలకా బలపం కొనుక్కొచ్చినాను.
పక్కకు తోసినాడు.
సంచిలో తడుముకొని పాత విజిలు తీసి
పెదాలకు పెట్టుకున్నాడు.
బుగ్గలు ఉబ్బినాయి.
లోపల గింజ కదల్లేదు.
గాలంతా మెడలోంచి వచ్చి
నా చెయ్యిమీద వెచ్చగా పడింది.
ఆ విజిలు మళ్ళీ సంచిలోకి పోలేదు.
దిండు కిందనే ఉండాది.

"ఇంటికి పోయినాక మీరే చెయ్యాల"
సిస్టరు గొట్టం తీసి నా చేతికిచ్చింది.
కళ్ళె, నెత్తురు చార, సెలైను వాసన.
ఇద్దరు పిల్లోళ్ళ ముక్కులు తుడిచిన చేతులే ఇవి,
రంధ్రం ముందరికొచ్చి నిలబడిపోయినాయి.
సిస్టరు ఏమీ అనలేదు.
నాయన చూసినాడు.
కండ్లలో జాలి లేదు, తొందరుంది,
లేటయిన బండిలో ఉండేటట్టు.

మంచం ఇనప కమ్మీమీద, వేలి కణుపుతో,
ఠంగ్.

ఠంగ్.

పోనిచ్చినాను.