సనయ్యలో మంచు టైర్లు

షార్జాల నవంబరంటే
రేకుల షెడ్డు ఇంకా పెనం లెక్కనే ఉంటది.
జర్మనీ నుంచి దిగిన పాత టైర్ల కంటైనర్ల
మూలకు పడున్నయి ఎవ్వలు ముట్టని ఎనిమిది.
గోడ మీద మూడు శిఖరాల బొమ్మ,
దాని లోపల ఆరు రేకుల పువ్వు.

ఏం పువ్వు ఇది అంటే
జర్వలీ పానా కింద పెట్టి నవ్విండు.
పువ్వు గాదు, బరఫ్ అన్నడు.
ఆయనది చిత్రాల్. చిన్నప్పుడు
బూట్లకు గడ్డితాడు చుట్టుకొని బడికి పోయెటోడట.
అదే సూత్రం, అన్నడు, గడ్డికి బదులు రబ్బరు.

నేను బొటనగోరు గుచ్చి చూసిన.
చెవితమ్మె అంత మెత్తగ దిగింది.
బిళ్ళ బిళ్ళకూ సన్నటి కోతలు,
పేన్ల దువ్వెన పండ్ల సందుల లెక్క.
గంత మెత్తటిది గీ తారు మీద ఎన్నాళ్లుంటది?

ఖోర్ ఫక్కాన్ చేపల సేఠు, ఉబైద్ సార్,
ల్యాండ్ క్రూజర్ దిగి, అవే కావాలన్నడు.
టర్కీ కొండలదాక రోడ్డు మీదనే పోతరట.
మోకాళ్ళు నడిచినన్ని దినాలల్ల
ఒక్కసారి మంచుల నిలబడాలె అన్నదట ఆయన భార్య.
ఆమె కారులనే కూసోని అద్దం సగం దించి
నా చేతుల దిక్కు చూస్తున్నది.

ఎనిమిదిట్ల నాలుగు ఏరాలె.
నాలుగంకెలు చదివిన: ముందు రెండు వారం, తర్వాతి రెండు ఏడు.
ఒకటి పదేండ్ల ముసలిది, తీసేసిన.
ఒకదాని భుజానికి పాత అతుకు.
ఇంకోటి లోపట కందిన దెబ్బ, పైకి తెల్వదు,
అరచెయ్యి పెట్టి రాస్తెనే తగుల్తది.
ఒకదానికి జోడు లేదు.
మిగిలిన నాలుగూ బాణం గుర్తు చూసి దొర్లించిన.

ఇక్కడ ఎక్కించకు సార్, అన్న,
బెల్లం లెక్క అరిగిపోతది. పైన కట్టుకొని పో.
ఎక్కడైతే మాట్లాడంగ నోట్లెకెల్లి పొగొస్తదో
అక్కడ ఆగి మార్చు. నాలుగూ మార్చు.
ముందటి రెండే ఏస్తే
మలుపుల వెనకభాగం ముందుకొచ్చి నిన్ను పలకరిస్తది.
ఇసుకల తీసినట్టు గాలి తియ్యకు,
చలికి గాలే ముడుచుకుంటది, పొద్దుగాల చూసుకొని నింపు.

ఆయన అడిగిండు:
నువ్వు మంచుల నడిపినవా?

మంచు.
మా భాషల గంత పొదుపు.
తెల్లారంగ పసుపుచేను మీద మెరిసేదీ మంచే,
కొండలు కప్పేదీ మంచే,
జనవరిల క్యాంపు నుంచి వ్యాను తోలంగ
ముందటి బస్సు ఎర్రలైటు తప్ప
లోకమంత మింగేదీ మంచే.
నడిపిన సార్, అన్న.
అబద్ధమాడలేదు.
జర్వలీ మాత్రం తల తిప్పుకొని దగ్గిండు.

మార్చిల మళ్ళ వచ్చిండ్రు.
టైర్లు విప్పేదానికంటే ముందు ఫోన్ విప్పిండు.
తెల్లటి నేల. అంత తెలుపు నేను సున్నం బట్టీలనే చూసిన.
దాని మీద రెండు దారులు పోతున్నయి,
బిళ్ళ, కోత, బిళ్ళ, కోత,
నేను గోరు పెట్టి చూసిన కోతలే
అచ్చుగుద్దినట్టు.
దారి చివర ఆమె, చెప్పులు చేతుల పట్టుకొని,
సాక్సులతోటి నిలబడ్డది.
చెప్పులెందుకు ఇడిసింది సార్?
చెప్పలే, నవ్విండు.

వాళ్ళు పోయినంక
స్క్రూడ్రైవరుతోటి టైర్లు శుభ్రం చేస్తుంటే
ఒక సందుల ఇరుక్కొని బూడిదరంగు రాయి,
శనగగింజంత.
జర్వలీకి చూపిస్తే వాసన చూసి ఇచ్చేసిండు,
ఏమనలే.

కంప్రెసరు మీద పెట్టిన దాన్ని.
మోటరు నడిచినప్పుడల్లా
టకటకటక కొట్టుకుంటది,
చలికి పండ్లు కొట్టుకున్నట్టు.
బయట నలభై రెండు డిగ్రీలు.