ఐదో గడి

నా ఉద్యోగం ఇది: రాతి మీద కూర్చోవడం,
ఒక్క ఆడచేపను ఎంచుకోవడం,
పది నిమిషాలు కళ్ళను దాని వెంటే ఈదనివ్వడం.
చేతిలో లెక్కమీట, ఒళ్ళో చెమ్మగిల్లిన కాగితం,
దాని మీద డాక్టర్ హాల్‌వర్ గీసిచ్చిన నాలుగు గళ్ళు.

గ్వానాపో ఏరు ఇక్కడ మోకాలి లోతే.
కోకో తోటలకు నీడ పట్టే ఇమ్మోర్టెల్ చెట్లు
నీళ్ళ మీద నారింజ పూలు దులిపే నెల.
ఈ గప్పీల్ని మా ట్యాంటీ యూఫీమియా "మిలియన్లు" అనేది.
లెక్కపెట్టలేక పెట్టిన పేరే పిల్లా, అని నవ్వేది.
నాకు లెక్కపెట్టినందుకే జీతం.

మొదటి గడి, నాట్యం.
మగది నా చిటికెనవేలి గోరుకన్నా కాస్త పొడుగు.
ఒంటి మీద ఒక నారింజ చుక్క, ఒక నల్ల కామా,
సిరాబుడ్డి తన్నేసినట్టు ఒక నీలి మరక.
ఎదురుగా వచ్చి, దారికడ్డం నిలిచి,
ఒళ్ళంతా కొడవలిలా వంచి
వణుకుతుంది.
గాలిపటం పైన ఎక్కడో ఊగుతుంటే
దారం పట్టిన వేలికి తెలుస్తుందే, అలాంటి వణుకు.
మూడు సెకన్లు. మీట నొక్కుతాను.

రెండో గడి, దొంగపోటు.
అది నాచు కొరుక్కుంటూ ఉండగా
వెనకనుంచి, కిందనుంచి,
పొట్ట కింది రెక్కను ఈటెలా ముందుకు తిప్పి ఒక్క పొడుపు.
అడిగేది లేదు.
కనీసం అడిగినట్టు నటించేది లేదు.

మూడో గడి, తిరిగి చూసింది.
నాలుగోది, కలిశాయి.
నాలుగో గడి వారాల తరబడి తెల్లగానే ఉంటుంది.

జలపాతం దిగువ మడుగులో పళ్ళున్న పెద్దచేప కాపు కాస్తుంది.
అక్కడి మగవి వందసార్లు ఉతికిన చొక్కాలు.
నాట్యాలు తక్కువ, పోట్లు ఎక్కువ.
ప్రాణం గుప్పిట్లో పెట్టుకు తిరిగేవాడికి
ప్రేమలేఖ రాసే తీరికెక్కడిది,
అంటాడు డాక్టర్. అయ్యుండొచ్చు.

గురువారం ఆ మడుగు దగ్గరే కూర్చున్నాను.
పది నిమిషాల్లో నాట్యాలు ఇరవై, పోట్లు నలభై రెండు.
తిరిగి చూసింది రెండుసార్లు. కలిసింది సున్నా.
మిగతా అరవైసార్లూ ఏం జరిగిందో
ఏ గడిలోనూ లేదు.

జరిగింది నేను చూశాను.
వేళ్ళ సందులో దూరింది. సుడి అంచుకు పోయింది.
చివరికి, వాటికి అక్కడికి రావడం భయమని,
పళ్ళున్నది పొంచి ఉండే ఆ నల్లలోతు వైపే
నెమ్మదిగా, తోక కూడా కొట్టకుండా,
వెళ్ళింది ఆమె.

ఆమె అన్నాను చూశారా.

పంతొమ్మిదేళ్ళప్పుడు
అరీమాలో మ్యాక్సీ టాక్సీల అడ్డా దాటి ఇంటికి పోవాలి నేను.
గోడ మీద కుర్రాళ్ళు. ఈలలు, పాటలు, ఒక చెయ్యి.
అందుకని సమాధుల వెనక దారి పట్టేదాన్ని.
దీపాల్లేవు, కుక్కలున్నాయి, ఒకసారి పామూ కనబడింది.
ఆ దారిని రోజుకు పదిహేను నిమిషాలు,
రెండేళ్ళు నడిచాను.
ఊళ్ళో ఎవరి లెక్కలోనూ ఆ నడక లేదు.

నాలుగో గడి పక్కన స్కేలు లేకుండా ఒక గీత గీశాను.
వంకరగా వచ్చింది.
ఇదేమిటి జాస్లిన్, అన్నాడు డాక్టర్.
వెళ్ళిపోయింది, అన్నాను.
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.
దీనికి నిర్వచనం కావాలి కదా, అన్నాడు.
తన ఒంటి పొడవుకు మూడింతలు దూరం, అన్నాను,
వెనక్కి చూడకుండా.
రాసుకున్నాడు.

షెడ్డులో, అక్టోబరు నుంచి ఒంటరిగా ఉన్న బకెట్‌లో,
మగచేప నీడైనా తగలని ఆ ముసలిది
ఇవాళ మళ్ళీ ఈనింది.
ఎప్పటి కలయికో లోపల దాచుకుని
నెలనెలా కొంచెం కొంచెం ఖర్చుపెడుతోంది.
ఎవరిది ఉంచుకుందో, ఎవరిది పోనిచ్చిందో ఆమెకే ఎరుక.
దానికి గడి గీయలేదు నేను.

పిల్లల్ని మాత్రం లెక్కపెట్టాను.
పదిహేడు.
ఆకలికి తల్లి తినేయకముందే
గరిటెతో వేరే సీసాలోకి తీశాను.