ఎడమ చెవి

ఏనుమాముల మార్కెట్‌ల మిర్చి దిగిన వారం
వరంగల్ సగం తుమ్ముతనే ఉంటది.
స్టూలు మీద కూసున్న పిల్ల గూడ తుమ్మింది,
ముంజేతితోటి ముక్కు తుడుసుకున్నది,
మళ్ల బిగుసుక కూసున్నది.
చేతిమీది ఆ తడి చార ఆరకముందే
గీసుకున్న.

గంటకు ఇరవై, మీద ఒక బన్ను.
బేరం తనే చేసింది.
పేరు నౌషీన్, మండిబజార్, తొమ్మిదేండ్లు.
పది అని రాసుకో అన్నది,
బొమ్మ ఎండేవరకు అయితయట.

కన్నీళ్లు నాకు కొత్త కాదు.
పదహారేండ్లు క్యాలెండర్ కంపెనీకి పిల్లల మొఖాలు గీసిన.
బొట్టుకు మూడు దెబ్బలే:
కింద నెలవంక నీడ,
అంచుకు సన్నని వెలుగు,
పైన సూదిమొనంత తెలుపు.
చెంప మీద జారితే ఒక రేటు,
రెప్ప మీద ఆగితే ఇంకొంచెం ఎక్కువ.
కొత్తవాడల ఈ మీదిగది స్లాబు
ఆ కన్నీళ్లతోటే పోసిన.
వానాకాలం ఉరుస్తది,
అది వేరే ముచ్చట.

కండ్లు రెండింతలు చేసుడు, మెడ సన్నం చేసుడు,
చేతుల మేకపిల్లనో పగిలిన పలకనో పెట్టుడు,
చెయ్యికి అన్నీ వచ్చు.
చెయ్యిని కట్టేసుడే కష్టం.

మొన్న హన్మకొండ హోటలాయన ఫోన్ చేసిండు:
రిసెప్షన్ గోడకు ఒకటి గావాలె,
పేదపిల్ల, చూస్తే గుండె కరగాలె,
సోఫాలు నీలం, వాటికి కలిసేటట్టు.
గుండె కరగనీకి ఎంతసేపు కావాల్నో అడుగుదామనుకున్న,
అడ్వాన్స్ అడిగిన.
ఆ బొమ్మ వేరే. ఇది నా కోసం.

అందుకే ఈసారి కొలిచిన.
కంటికీ కంటికీ నడుమ ఒక కన్ను.
బ్రష్షు కట్టె చాపి, ఒక కన్ను మూసి,
మేస్త్రి గోడకు తూకం పట్టినట్టు.
నెత్తిల రగ్గుల మగ్గం దూది పీచు ఇరుక్కున్నది,
కిటికెల ఎండకు మెరుస్తున్నది.
దాన్ని దేవుని పటంల వెలుగు చెయ్యలే,
పీచును పీచు లెక్కనే పెట్టిన,
కొంచెం మురికి తెలుపు, కొంచెం గేరు.

తూనీగ తోకకు దారం ఎట్ల కడ్తరో చెప్పింది.
తోక తెగితే ఇంకోటి పట్టాలె, గంతే.
నవ్వినప్పుడు కాదు,
చెప్పుడు ఆపి నన్ను చూసినప్పుడు మొఖం దొరికింది:
చిల్లర ఇయ్యనీకి ఆలస్యం చేసే
దుకాణపోన్ని చూసే చూపు.
సంబురపడ్డ. ఇది ఎవడూ కొనడు.

బన్ను నములుకుంట అన్నది,
అమ్మి ఎంజీఎంల ఉన్నది, పదకొండు దినాలు.
ఇంకో బన్నున్నదా?

బ్రష్షు దానంతటదే
తెల్లరంగు దిక్కు పోయింది.
రెప్ప కింద జాగ ఖాళీగనే ఉన్నది,
మూడు దెబ్బలు, అర నిమిషం పని.
కడిగి డబ్బల నిలబెట్టిన.
కిందికి పోయి బన్ను తెచ్చిన.

పొద్దుమీకి లెక్క కంటే పది ఎక్కువ పెట్టిన.
ఎంచుకున్నది, ఏమనలే.
నేను గూడ ఏమనలే.
లోపల మాత్రం ఒకడు నా భుజం చరుస్తున్నడు,
గెలిచినవ్ రా అనుకుంట.

పోతపోత బొమ్మ ముంగట నిలబడ్డది.
కండ్లను చూడలే, మూతిని చూడలే.
"ఈ చెవి నాది కాదు" అన్నది.

మొఖం తిప్పి వేలుతోటి చూపెట్టింది.
ఎడమ చెవి తమ్మె కిందికంట చీలి ఉన్నది,
ఎప్పుడో కమ్మ పట్టుకొని ఎవరో గుంజినట్టు,
మానిపోయి, రెండు చిన్న పాయలై.
మూడు గంటలు చూసిన చెవి.
కొలిచిన చెవి.
నా చెయ్యి నన్ను అడగకుండనే
దాన్ని కుట్టేసింది.

రంగు గీకే కత్తి తీసిన.
కూసో, అన్న.
గోడ గడియారం దిక్కు చూసింది.
"ఇంకో ఇరవై" అన్నది.