ఆరు గంటల గది

త్రిశూలం స్టేషన్ దాటాక, టైర్ల షాపుల సందులో
లాడ్జి అనాలో హోటల్ అనాలో తేలని మూడంతస్తులు.
పోర్ట్ బ్లెయిర్ నుంచి నేను దిగేసరికి
రాజమండ్రి విమానం వెళ్ళిపోయింది.
మళ్ళీ తెల్లవారి ఆరున్నరకే.
మధ్యలో, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని ఆరు గంటలు.
అద్దె పధ్నాలుగు వందలు. వేడినీళ్ళకి వేరే.

నా ఉద్యోగం నష్టాలు కొలవడం.
మునిగిన పడవలు, కాలిన గోడౌన్లు, తడిసిన పొగాకు బేళ్ళు.
ఏ గదిలో అడుగుపెట్టినా కళ్ళు వాటంతటవే తరుగు కడతాయి.
దుప్పటి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ,
అచ్చం పడవ ఆకారం: నలభై శాతం.
మూత లేని కెటిల్.
ప్లాస్టిక్ కవరు విప్పని రిమోట్. టీవీ లేదు.
తువ్వాలు మీద కోయంబత్తూరు హోటల్ పేరు.
అదీ నాలాగే ఇక్కడ దిగి
తర్వాతది అందుకోలేకపోయిందేమో.

కిటికీ తెరిస్తే గోడ.
గోడ వెనక రన్‌వే ఉందట.
విమానం లేచిన ప్రతిసారీ అద్దం వణికి
నా మొహం ఒక్క క్షణం ఇద్దరవుతుంది.

పడుకున్నానే గానీ
మధ్యాహ్నం చూసిన పడవే ఇంకా ఊగుతోంది నడుంలో.
గరికిన పోలయ్యది. పదకొండేళ్ళ పడవ.
ఏడాదికింత చొప్పున కొట్టేస్తూ పోతే చివర మిగిలిన అంకె చూపించాను.
అతను కోప్పడలేదు.
బీడీ చెవి మీంచి తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకుని
"మనుషులకీ ఇదే లెక్కా అమ్మా?" అన్నాడు.
నాకు నలభై తొమ్మిది.
జవాబు చెప్పకుండా ఫొటోలు తీసుకున్నాను.

పదకొండున్నరకి నీళ్ళ సీసా కోసం కిందికి దిగితే
కౌంటర్ దగ్గర రాజమన్నార్.
ఫోన్‌లో నా మాటలు విన్నాడు కాబోలు:
"మా ఇంటా తెలుగేమ్మా. తాత కాలంనుంచీ.
మాటలాడేది వస్తాది, చదివేది రాదు."
నిద్ర పట్టలేదని చెప్పాను.
"ఇది నిద్రపొయ్యే తావు కాదు లేమ్మా,
కాళ్ళు నిలిపే తావు."

తావు.
ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడు జారిపోయిందో.
నా ఫారాల్లో 'నష్టం జరిగిన ప్రదేశం' అని ఒక గడి ఉంటుంది,
ఇరవై రెండేళ్ళుగా నింపుతున్నాను.
ఈ మనిషి చదవను కూడా రాని భాషలోంచి
అరగని నాణెంలా తీసి బల్ల మీద పెట్టాడు.

తన పేరు తెలుగులో రాసిమ్మన్నాడు.
రిపోర్టు ప్యాడ్‌లోంచి తెల్ల ఠావు చింపి
పెద్దపెద్ద అక్షరాలతో రాశాను.
వేలితో ఒక్కో అక్షరం తడుముతూ వెళ్ళి
న్న దగ్గర ఆగాడు.
"కిందది పైదాన్ని మోస్తా ఉండాదా?"
అవునన్నాను.
అది ఒత్తు అనీ, మోసేది కాదనీ చెప్పబుద్ధి కాలేదు.

"మూడు ముప్పావుకి లేపతా. భయం లేకుండా పండుకోండి."

ఈసారి పట్టింది.
ఏ కలా రాలేదు, వచ్చినా దిగకుండా పైపైనే వెళ్ళిపోయింది.
నన్ను లేపింది మాత్రం అద్దం.
మూడూ యాభై రెండు.
పెట్టె చక్రాలు మెట్లకి తగలకుండా ఎత్తి పట్టుకుని దిగాను.

రాజమన్నార్ రిజిస్టర్ మీద చెంప ఆనించి
నోరు కొంచెం తెరిచి నిద్రపోతున్నాడు.
మోచేతి కింద ఆ ఠావు,
పేరులో సగం కనపడుతోంది.
బయట ఆటోవాడు హారన్ కొట్టబోతే చెయ్యి అడ్డంగా ఊపాను.

తాళంచెవికి పెద్ద ఇత్తడి బిళ్ళ,
ఎక్కడ పెట్టినా మోగేలా ఉంది.
తువ్వాలు ఒకటి మడిచి ఉంటే కుర్చీ మీద,
దాని మధ్యలో
తావు చూసి పెట్టాను.