రెండో గీత దాకా

పోయినేడు రొయ్యల శాంపిళ్లు మోసిన పెట్టె ఇది.
ఎంత కడిగినా నీచు పోదు.
ఇవాళ అందులోనే
ఒక ఇంటి ఉమ్మి, రక్తం, గోళ్ల ముక్కలు.

ఉప్పలగుప్తం దాటాక చెరువు గట్టు మీద మూడో ఇల్లు.
ఏరేటర్ల హోరులో
పేరు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.
జోషిత. తొమ్మిదేళ్లు. నలభై తొమ్మిది కేజీలు.
ఆ అంకె నేను పైకి అనలేదు,
కాటా మీంచి తనే గట్టిగా చదివేసింది,
బళ్లో అందరికీ తెలిసిందేగా అన్నట్టు.

వాళ్ల నాన్న రాంపండుది మేత లెక్కల కొలువు.
చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేత చూసి
కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పేస్తాడు.
"చెరువులో ఒళ్లు చేస్తే పండగండీ,
ఇంట్లో చేస్తే మీరొచ్చారు"
అని నవ్వాడు గానీ
పిల్లకి సూది గుచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకున్నాడు.

గొట్టంలో రెండో గీత దాకా ఉమ్మాలి.
నురగ లెక్కలోకి రాదు.
సిగ్గుకి పిల్ల నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.
అమ్మమ్మ పల్లాలమ్మ లోపలికెళ్లి
కొత్తావకాయ జాడీ తెచ్చి, వాసెన విప్పి
ముక్కు ముందు పెట్టింది.
"వాసనే. తినకు."
గీత దాటింది.
నా నోరూ ఊరింది, అది రాసుకోలేదు.

తర్వాత ముసలామె చెయ్యి.
నరం దొరకదు. నేను వెతుకుతుంటే తనే చెప్పుకొచ్చింది:
తొంభై ఆరు తుపానుకి
మా నూకరత్నం కడుపులో ఆరో నెల.
నీళ్లలో నాని మొలకెత్తిన వడ్లు
దంచుకుని, కాచుకుని
పదకొండు రోజులు.
"లోపలున్నది ఏం తిందో ఏమో తల్లీ,
ఇప్పటికీ కంచంలో మెతుకుంటే
కూతుర్ని లేవనివ్వదు."
నూకరత్నం గిన్నెలు సర్దుతోంది, అవసరం లేకపోయినా.

ఫారంలో నలభై రెండు ప్రశ్నలు.
పదకొండు రోజులకి గడి లేదు.
అంచున పెన్సిల్‌తో రాశాను.

లేబుళ్లు అతికిస్తుంటే జోషిత
పెట్టెలోకి తొంగి చూసింది.
"తప్పెవరిదో ఇందులో తెలుస్తుందా?"
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగాయి. ఊరంతా ఆ ప్రశ్న విన్నట్టైంది.
ఊపిరాడక రొయ్యలు పైకి తేలతాయని
రాంపండు జనరేటర్ దగ్గరికి ఒకటే పరుగు.
"తప్పు కాదే, చుట్టరికం తెలుస్తుంది" అన్నాను.
అప్పటికే ఇంజను అందుకుంది.
విందో లేదో.

ఆటోలో పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను.
గతుకు గతుక్కీ
మూడు తరాలు ఒకదాన్నొకటి తాకి చప్పుడు చేస్తున్నాయి.
లంగా మీద చల్లగా నీటి చుక్క.
ఐసు కరుగుతోంది,
అమలాపురం ఇంకా రాలేదు.