చిత్రిక

కెమ్చిలో వాన పట్టిందంటే
మంగళవారమూ శుక్రవారమూ ఒకటే.
రేకుల మీద చప్పుడు, లైబ్రరీలో ఉన్న ఒక్క కంప్యూటర్,
తలుపు దగ్గర నీళ్ళోడుతూ ఎలియెసెర్ బార్రియా.
పదిహేడు పడవలు కట్టిన చేతులు
జేబులోంచి ఫోన్ తీసి, గుడ్డలో చుట్టిన కోడిగుడ్డులా
నా బల్ల మీద పెట్టాయి.

"ఫోటో వెళ్ళనంటోంది, ఒరియానా. బరువెక్కువట.
ఫోటోకి బరువేంటి?"

పడవ వెన్నుకర్రలో పగులు అది.
పక్కనే, కొలత తెలియడానికి, నోల్ఫా బొటనవేలు.
చూసి చెప్పగలవాడు నార్వేలో ఉన్నాడు,
చలినీళ్ళలో చెక్క ఎలా చస్తుందో ఎరిగినవాడు.
మా తీగ గడ్డిపరకంత సన్నం.
నాలుగు వేల పిక్సెళ్ళ వెడల్పు అందులో పట్టదు.

ఎనిమిది వందలు చాలన్నాను.
మూల పట్టుకుని లోపలికి లాగాను.
పొడవు తగ్గితే వెడల్పూ తగ్గాలి,
లేకపోతే నోల్ఫా వేలు ముల్లంగి అవుతుంది.
లోకం గోరంతలు కొండంతలు చేస్తుంది,
నా ఉద్యోగం కొండంతను గోరంత చేయడం.

తలూపాడు. "చిత్రాన్ని చిత్రిక పట్టడమే కదా."
ఆ తర్వాత నేల చూశాడు,
కుర్చీ కింద, నా బూట్ల చుట్టూ.
"మరి పేళ్ళేవీ?"

సైప్రస్ పేళ్ళతో వాళ్ళ పొయ్యి వెలుగుతుంది,
కోళ్ళు గుడ్లు పెడతాయి,
నోల్ఫా దిండులోనూ కాసిన్ని ఉంటాయి.
చెక్కింది ఏదీ ఊరికే పోదు ఆ ఇంట్లో.
మూడు వేల రెండు వందల చుక్కల వెడల్పు తీసేశాను నేను.
ఎక్కడ రాలాయో చెప్పలేక
కిటికీలోంచి వాన చూశాను.

బొమ్మ ఉండటానికి ఒక చోటు కావాలి.
అద్దె లేని కొట్టు దొరికింది, ఎవరిదో, ఏ దేశమో.
మూరెడు చిరునామా ఇచ్చారు.
కాగితమ్మీద రాసి టోపీ లోపల దోపుకున్నాడు.
నాలుగో రోజు నార్వే జవాబు:
పురుగు కాదు, మేకు తుప్పు. కర్ర బతికే ఉంది.

ఆ తర్వాత ఆరేళ్ళు
అతుకులు, వంపులు, మేకు తలలు,
రెండు వందల పదకొండు బొమ్మలు ఆ కొట్టులో.
ఒక ఉదయం చూస్తే
అన్నీ బూడిదరంగు గళ్ళు,
మూలల్లో చిరిగిన కాగితం గుర్తు.
ముందే చెప్పామన్నారు,
ఎలియెసెర్ ఎప్పుడూ తెరవని ఉత్తరాల పెట్టెలో.
ఫోన్ అంతకు ముందే సముద్రంలో పడింది.

మా దీవిలో ఇల్లు మారాలంటే
ఇంటినే పునాది మీంచి లేపి, దుంగల మీదికెక్కించి,
ఎడ్లను కట్టి, ఊరంతా తాళ్ళు పట్టి
అవసరమైతే నీళ్ళ మీద తేల్చి
అవతలి ఒడ్డున దింపుతాం.
సాయంత్రం అందరికీ ఆ ఇంట్లోనే భోజనం.
అంత ఇంటిని కదిలించిన వాళ్ళం
గోరంత బొమ్మలకు ఒక్క తాడు వేయలేకపోయాం.

"ఒక్క మాటంటే వచ్చేవాళ్ళం కదా" అన్నాడు,
ఎవరితోనో తెలియదు.

తొమ్మిది రోజులకు
నార్వే నుంచి టోర్‌గెయిర్ ఒకటి పంపాడు. మొదటిది.
ఎందుకు దాచుకున్నాడో రాయలేదు.
అతనూ చిత్రిక పట్టాడు, మూడు వందల ఇరవైకి.

పెద్దది చేయమన్నాడు ఎలియెసెర్. చేశాను.
తీసేసింది తిరిగి రాదు, ఉన్నదే సాగుతుంది.
పగులు మెట్లు మెట్లుగా విరిగి
ఏ నీడలోనో కలిసిపోయింది.
వేలు మాత్రం వేలే.
గోరు మీద తెల్ల మచ్చ,
ఆ వారమే సుత్తి తగిలిందట.

నాలుగు ప్రతులు తీశాను,
ఒక్కోటి ఒక్కో ఇంట్లో ఉంచమని పంచాను.
నోల్ఫా తన ప్రతిని దీపం దగ్గర పట్టి చూసి
"ఇదా నార్వే దాకా వెళ్ళింది?
చెబితే కడుక్కునేదాన్ని" అంది.