ఎడమ తలుపు

షోరూమ్ అమ్మాయి మూడోసారి ఫోన్ చేసింది.
పాత బండి ఇచ్చేస్తే పాతిక వేలు ఎక్కువిస్తారట,
నెలాఖరు దాకానేనట.
ఏ మోడలండీ అంది.
తొంభై తొమ్మిది అన్నాను.
అవతల కాసేపు ఏమీ వినపడలేదు.
తను పుట్టిన ఏడేమో, పాపం.

తెల్ల జెన్.
తెలుపంటే ఇప్పుడు మూడు రకాలు:
బానెట్‌ది పాల తెలుపు,
డిక్కీది సున్నం తెలుపు,
ఎడమ తలుపుది, మొన్ననే వచ్చింది, అటుకుల తెలుపు.

అసలు తలుపుని అయనావరం సిగ్నల్ దగ్గర
నీళ్ల లారీ ఒరుసుకుంటూ పోయింది.
ఇన్సూరెన్సాయన బండి చుట్టూ ఓసారి తిరిగి
"తలుపు ఖరీదు బండి ఖరీదును దాటేస్తుంది మేడం" అన్నాడు.
లెక్క తప్పు కాదు.
నేనూ లెక్కలదాన్నే.
కోచ్ ఫ్యాక్టరీ ఖాతాల్లో
విలువ సున్నాకి దిగిపోయిన లేతు మిషన్లు
మూడు షిఫ్టులూ తిరుగుతూనే ఉండటం
ఇరవై రెండేళ్లు చూసినదాన్ని.

దేవసహాయం లెక్క వేయలేదు.
సొట్ట మీద వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి,
"పుదుపేట పోదాం" అన్నాడు.

పుదుపేటలో బండ్లు చావవు, వేరు పడతాయి.
ఒక కొట్టు నిండా స్టీరింగులు,
ఒక గుమ్మానికి తోరణంలా సైలెన్సర్లు,
అటక మీద హెడ్‌లైట్లన్నీ
పెళ్లి ఫోటోలో చుట్టాల్లా ఒకవైపే చూస్తూ.
కాజా మొయిదీన్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
తలుపుల దొంతరలోంచి ఒకటి లాగాడు.
నాలుగున్నర వేలన్నాడు.
తమిళంలో మొదలై, ఉర్దూలో ముదిరి,
నా మొహం చూసి తెలుగులోకి దిగిన బేరం
రెండు వేల ఎనిమిది వందలకీ రెండు టీలకీ తెగింది.

షెడ్డులో లోపలి అట్ట విప్పితే
అద్దం దిగే సందులో ఏదో కాగితం.
అంచులంతా తుప్పు.
"ఇది మీ రాతేనా అమ్మా?"

తెలుగే. బాల్ పెన్ను.
అక్షరాలన్నీ రాసేశాక
తలకట్లు తీరిగ్గా పెట్టినట్టున్న రాత.

మినప్పప్పు 2 కిలోలు
బట్టల సబ్బు 4
పాపకి తెల్ల సాక్సులు
రమణయ్యకి మూడొందలు
కారు ఎడమ అద్దం. దిగట్లేదు.

మొదటి నాలుగింటి మీదా అడ్డగీత ఉంది.
ఐదోదాని మీద లేదు.

ఏ ఊరి బండో. గూడూరా, సూళ్లూరుపేటా.
సాక్సులు పాపకి సరిపోయాయో లేదో.
ఒకటి మాత్రం చెప్పగలను:
ఇది ఎడమ వైపు కూర్చునేవాళ్ల రాత.
నడిపేవాళ్లకి ఆ అద్దం గుర్తుండదు.
పదకొండేళ్లు నేనూ ఆ వైపే కూర్చున్నాను.
ఈ వైపుకెలా వచ్చానన్నది
ఇప్పుడొద్దు.

దేవసహాయానికి చీటీ మొత్తం తమిళంలో చదివి వినిపించాను.
మినప్పప్పు నుంచీ శ్రద్ధగా విన్నాడు.
ఐదోది వినగానే
ఎవరో తనకే పని పురమాయించినట్టు
లేచి పానా అందుకున్నాడు.
లోపల తీగ తెగిపోయి ఉంది.
సైకిల్ బ్రేకు తీగ కొలిచి, కోసి, బిగించి,
గ్రీజు పూసి, పిడి తిప్పమన్నాడు.

మూలుగుతూ దిగింది.
ఎన్నేళ్లకో.

"పారేయనా?" అన్నాడు, కాగితం చూపించి.
అతని చెవి మీది పెన్సిల్ తీసుకుని
ఐదోదాన్నీ కొట్టేశాను.
ఉన్న మడతల్లోనే మడిచి, ఉన్న సందులోనే పెట్టి,
ఇక అట్ట బిగించెయ్ అన్నాను.

ఓట్టేరి దాటుతుండగా మళ్లీ ఫోన్ మోగింది.
అదే నంబరు.
అంతలో వాన.
ఎడమ అద్దం ముప్పావు దాకా లేచి ఆగిపోయింది.
బండి పక్కకి ఆపి,
ఖాళీ సీటు మీదుగా వంగి,
మిగతాది అరచేత్తో తోశాను.